లేవకుండా పద్నాలుగు గంపలు

జంపక్క నడుము విరగ్గొట్టింది మీరు ముగ్గురు. వెంకటరామారావు గారూ, మీరు. ఖమ్మం నుంచి తీగలు, బిళ్లలు పట్టుకొచ్చి మా నడుములు కొలిచి కాగితం ఆయన చేతిలో పెట్టి పోయినవాళ్లూ, మీరు. నా మొగుడు దూలయ్యా, నువ్వు. నాలుగో మనిషిని నేను. నా పేరు చివర పెట్టింది తప్పించుకోవడానికి కాదు. ముందు నా తప్పు చెబితే మీరు అక్కడే ఆగిపోయి "చూసిండ్రా, ఒప్పుకున్నది" అని ఎవరింటికి వాళ్లు పోతారు. మీ సంగతి నాకు తెలుసు.

నా పేరు చిన్నక్క. సత్తుపల్లి దాటి అడవి మొదలయ్యే చోట రావు గారి పామాయిల్ తోటలో రాలిన పండ్లు ఏరతాను. మగవాళ్లు పొడుగు గెడ కొనకు కొడవలి కట్టి గెల కోస్తారు. గెల అంత ఎత్తు నుంచి నేల మీద పడి పగులుతుంది. పండ్లు చిట్లి పాదు నిండా, ముళ్ల మట్టల కిందా, గడ్డిలో, చీమల పుట్టల్లో చెదిరిపోతాయి. ఆ పండ్లు ఒక్కొక్కటే ఏరి గంపలో వేసి ట్రాక్టరు దగ్గరికి మోసేది ఆడవాళ్లం. పదకొండు మందిమి. తెగిన పండు ఒక రోజు దాటి ఆగితే పులుస్తుంది, ఫ్యాక్టరీ వాళ్లు తిప్పి పంపుతారు. అంటే రావు గారి నూనె మా వేళ్ల సందుల్లోంచే పోవాలి. ఈ మాట ఆయనకు మాకన్నా ముందే తెలుసు. మాకు మొన్న తెలిసింది.

"ఏం చేస్తవే నువ్వు తోటల, వంగుడేగా." దూలయ్య ఈ మాట పెళ్లయిన రెండో ఏడు నుంచి అంటున్నాడు. అప్పుడు మిరప తోటలు, ఇప్పుడు పామాయిల్. పంట మారింది గాని మాట మారలేదు. "నేను ఇరవై అడుగుల గెడ ఆకాశంల పట్టుకుంటున్న. మెడలు పడిపోతున్నయ్. నీదేముంది, వంగుడు, లేచుడు." మా అత్త పక్కనే కూర్చుని తల ఊపుతుంది. "మేం వంగలేదా. మీ మామ ఉన్నప్పుడు నాట్లేసి, కలుపు తీసి, ఇంటికొచ్చి రోట్ల దంచిన. అబ్బా అని అనలె." అనలేదు. నిజమే. ఇప్పుడు ఆమె నిలబడితే గడ్డం నేలను చూస్తుంది. దాన్ని ముసలితనం అంటున్నారు. ఆమె వయసే ఉన్న మా మామ తమ్ముడు తాటిచెట్టులా నిలబడి ఊరంతా తిరుగుతాడు. ఆయనకు రాని ముసలితనం ఈమెకు ఎక్కడి నుంచి వచ్చిందో అడిగిన వాళ్లు లేరు.

నేను చదివింది ఆశ్రమ పాఠశాలలో అయిదు వరకే. తర్వాత చదివిందంతా దొరికినది. పకోడీ పొట్లాల కాగితాలు, మా పిల్ల హాస్టల్ నుంచి తెచ్చే సైన్సు పుస్తకం, దవాఖానా గోడకు అంటించిన చర్మం వొలిచిన మనిషి బొమ్మ. ఆ బొమ్మ ముందు నిలబడి ఎర్రటి కండలన్నీ చూసేదాన్ని. అది కూడా మగవాడి బొమ్మే. నిటారుగా, చేతులు పక్కకు జాపి నిలబడి ఉంటాడు. వంగిన మనిషి బొమ్మ నేను ఏ గోడ మీదా చూడలేదు.

మార్చి నెలలో ఆ అమ్మాయి వచ్చింది. పేరు సుమయ్య. ఖమ్మంలో ఫిజియోథెరపీ చదివింది. ఎవరో పెద్ద సారు కింద పని చేస్తున్నదట, తోట పనుల్లో ఒంటి మీద ఎంత బరువు పడుతుందో కొలుస్తున్నారట. ట్రాక్టరు షెడ్డులో మమ్మల్ని కూర్చోబెట్టి నల్ల పెట్టె తీసింది. అందులో చిన్న బిళ్లలు, సన్న తీగలు, నడుముకు కట్టే పట్టీ.

"గుండెకు ఈసీజీ తీస్తరు గదా, గట్లనే ఇది నడుముకు" అంది.

జంపక్క మా అందరిలో పెద్దది, నోరు కూడా పెద్దదే. బిళ్లను అటూ ఇటూ తిప్పి చూసి "ఇది మా మాటలు ఇంటదా బిడ్డా?" అని అడిగింది.

"ఇనదు పెద్దమ్మా. కండ గుంజుకున్నప్పుడు దాంట్ల కొంచెం కరెంటు పుడ్తది. అది పట్టుకుంటది."

"నాల కరెంటున్నదా? మా గుడిసెకు మీటరియ్యమని ఏండ్ల సంది తిరుగుతున్న. ముందే చెప్తే బల్బు నా నడుముకే తగిలిచ్చుకుందును."

అందరూ నవ్వారు. సుమయ్య కూడా నవ్వింది. నేను నవ్వలేదు. నేను రావు గారిని చూస్తున్నాను. ఆయన ఆ పిల్లకు కుర్చీ వేయించారు, టీ తెప్పించారు. తాగే నీళ్ల డ్రమ్ము పెట్టమంటే రెండేళ్లు నానబెట్టిన మనిషి దీనికి రెండు రోజుల్లో సరే అన్నారు. రావు గారు తొందరగా ఒప్పుకున్నది ఏదైనా నాకు భయమే. ఆయనకు మా నడుముల మీద దయ పుట్టిందంటే నమ్మడానికి నేను కొత్త కోడల్ని కాదు. మరి దీంతో ఆయనకేం పని? ఆ రోజు మధ్యాహ్నమంతా అదే ఆలోచించాను. మెషీను ఎవరికి చెబుతుంది, ఏం చెబుతుంది? చివరికి ఒకటి తట్టింది. అది మా నడుము లేపుడు పట్టుకుంటుంది.

నడుము లేపుడు అంటే ఇది. రెండు చెట్ల పాదులు అయిపోగానే జంపక్క "లేవుండ్రి" అంటుంది. పదకొండు మందిమీ ఒక్కసారి లేస్తాం. చేతులు నడుము మీద పెట్టి వెనక్కి వాలి మట్టల సందుల్లోంచి ఆకాశం చూస్తాం. ఒకరు కొప్పు ముడుచుకుంటారు, ఒకరు తమ మొగుడి మీద ఒక మాట విసురుతారు. పది ఊపిర్లు. మళ్లీ వంగుతాం. జంపక్కకు ఇది వాళ్లమ్మ నుంచి వచ్చిందట, ఎర్రుపాలెం వైపు మిరప తోటల్లో. ఎవరూ రాసి పెట్టింది కాదు. రావు గారి బండి చప్పుడు వినిపిస్తే జంపక్క పిలవదు. ఎందుకంటే ఆయన కంటికి అది సోమరితనం. "ఏమ్మా, ఆకాశంలో కూడా పండ్లున్నాయా?" అని ఒకసారి అననే అన్నారు.

కొలిచేది ఇద్దరినే. మగవాళ్లలో దూలయ్యను ఎంచారు. ఆడవాళ్లలో ఎవరని అడిగితే నేనే ముందుకు జరిగాను. వేరే ఎవరి నడుముకో కడితే వాళ్లు మరిచిపోయి లేస్తారని నా భయం. మరుసటి పొద్దున పట్టీ కట్టే ముందు జంపక్కను పక్కకు పిలిచి చెప్పాను. "ఈ దినం పిలవకు. ఒక్కసారి కూడ లేవొద్దు. మనం ఎన్నిసార్లు లేస్తమో అది రాస్కుంటది. రావు దానికోసమే తెప్పిచ్చిండు."

"లేవకపోతె నేను పడిపోతనే చిన్నక్కా."

"ఒక్క దినమే గదా."

"నీకు అన్నీ అనుమానాలే" అంది. కాని నా మాట విన్నది. మిగతా పది మందీ విన్నారు. నా తెలివి మీద వాళ్లకు నమ్మకం.

ఆ రోజు నేను వంగినది ఏడు గంటలకు. అన్నానికి కూర్చున్న అరగంట తప్ప సాయంత్రం దాకా లేవలేదు. పాదు నుంచి పాదుకు వంగే నడిచాను, బాతులాగా. గంప నిండితే మాత్రం లేచి, పోసి, పరుగున వచ్చి మళ్లీ వంగాను. మామూలుగా రోజుకు తొమ్మిది గంపలు. ఆ రోజు పద్నాలుగు. మొదటి గంటలో నడుము మండింది, తర్వాత రాయైంది, మధ్యాహ్నం తర్వాత ఏమీ తెలియలేదు. తెలియకపోవడం నాకు గొప్పగా అనిపించింది. అలవాటు అయిందనుకున్నాను. వెనక జంపక్క మూలగడం వినిపిస్తూనే ఉంది. వెనక్కి తిరిగి చూడలేదు.

సాయంత్రం ఆరింటికి సుమయ్య పట్టీ విప్పుతూ "అక్కా, రోజూ గిట్లనే చేస్తరా?" అని అడిగింది. రావు గారు పక్కనే ఉన్నారు.

"అవ్, గిట్లనే" అన్నాను.

అబద్ధం. ఆ రెండు మాటలు నావి. నా అనుమానమే నా చేత చెప్పించింది. రావు గారు నవ్వారు. అప్పుడు ఆ నవ్వు చూసి గెలిచాననుకున్నాను.

సుమయ్య అట్ట మీద కాగితం పెట్టి నింపుతోంది. నేను చదవగలనని ఆమెకు తెలియదు. గంటల వారీగా గళ్లు ఉన్నాయి. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా పని. ఆరు నుంచి మరుసటి పొద్దున దాకా ఒకే పెద్ద గడి, అందులో ఒకే మాట: విశ్రాంతి. దూలయ్య కాగితంలో కూడా అదే. ఇద్దరివీ ఒకే రకంగా ఉన్నాయి. అడుగుదామని నోరు తెరిచాను. కాని అప్పటికే అత్త ఫోన్ చేసి "నీళ్లొచ్చినయ్, ఎవలు పట్టాలె" అని అరుస్తోంది. పరుగెత్తాను.

నా విశ్రాంతి ఏమిటో చెబుతాను. మా ఇంట్లో దూలయ్య వస్తువులన్నీ నడుము ఎత్తులో ఉంటాయి. బండి హ్యాండిల్, చొక్కా కొయ్య, మంచం, టీవీ. నావన్నీ నేల మీద ఉంటాయి. పొయ్యి, చీపురు, కత్తిపీట, అంట్లు, బట్టలు ఉతికే బండ, మోకాలి ఎత్తు కూడా లేని కుళాయి. ఈ ఇల్లు కట్టింది మేమిద్దరమే, ఇటుకలు మోసింది నేనే, కాని ఏ వస్తువు ఎంత ఎత్తులో ఉండాలో ఎవరు అనుకున్నారో నాకు గుర్తు లేదు. అది అనుకోవలసిన విషయమని కూడా మాకు తోచలేదు. ఆ సాయంత్రం ఏడు బిందెలు పట్టాను, అత్తకు నీళ్లు పోశాను, రొట్టెలు చేశాను. దూలయ్య మంచం మీద వెల్లకిలా పడుకుని నడుము కింద దిండు పెట్టించుకున్నాడు. పెట్టింది కూడా వంగి నేనే. "ఆ బిళ్లలు కట్టుకుని చేసేసరికి పాణం పోయింది. నీకేం, వంగుడేగా" అన్నాడు.

రెండు వారాల తర్వాత రావు గారు షెడ్డులో మమ్మల్ని నిలబెట్టి ఒక రంగు కాగితం పట్టుకొచ్చారు. దాని మీద రెండు గీతలు.

"ఇదిగో, ఈ గుట్టలు గుట్టలుగా ఉన్నదే, ఇది దూలయ్య నడుము. పాపం, ఎంత కష్టపడుతున్నాడో చూడండి. ఇది మన చిన్నక్కది. చూశారా, నిలవనీళ్లలాగా సాపుగా ఉంది. వంగినంతసేపూ కండ పనే చెయ్యట్లేదు. రెస్టులో ఉందమ్మా. నేనంటే మీకు కోపం. నేనన్నది కాదిది, మెషీన్ అన్నది."

అక్కడితో ఆగలేదు. కోత పని బరువు పని అయింది. మగవాళ్లకు అన్నం వేళ కాక మధ్యాహ్నం ఇంకో అరగంట విడుపు, అల్యూమినియం గెడలు. ఏరుడు తేలిక పని అయింది. "రోజుకు పద్నాలుగు గంపలు. ఇకనుంచి అందరికీ. నేనేమీ గాల్లోంచి తియ్యలేదు. చిన్నక్క చేసి చూపించింది, రోజూ ఇలాగే చేస్తామని తన నోటితోనే చెప్పింది."

పది మంది నా వైపు తిరిగారు. జంపక్క గంప ఎత్తుకుంటూ "నడు" అంది. అంతే.

ఆ తర్వాత "లేవుండ్రి" అనే పిలుపు లేదు. పద్నాలుగు నిండాలంటే లేవడానికి సమయం లేదు. మూడో వారం, వరుస చివర జంపక్క గంప కోసం చటుక్కున లేచింది. సగం లేచి ఆగిపోయింది. అరవలేదు. "కాలు లేదే నాకు" అంది మెల్లగా, కాలు అక్కడే ఉండగా. మేం నలుగురం ముళ్లు కొట్టేసిన మట్ట మీద పడుకోబెట్టి ఈడ్చుకొచ్చాం. దవాఖానాలో ఎముకల మధ్య డిస్కు జారి నరం మీద కూర్చుందన్నారు. ఎడమ కాలు మళ్లీ ఎంతవరకు పట్టు వస్తుందో ఇప్పుడే చెప్పలేమన్నారు. జంపక్కకు వెనకా ముందూ ఎవరూ లేరు. కాలే ఆమె బతుకు.

"వయసైంది గదా" అన్నాడు దూలయ్య, అన్నం కలుపుకుంటూ.

"నాకన్న ఎనిమిదేండ్లే పెద్దది" అన్నాను.

"అయితే నీక్కూడ అయితున్నట్టే."

రోజూ తోట నుంచి వస్తూ జంపక్క దగ్గర ఆగి నడుముకు నూనె రాసేదాన్ని. కొంచెం నిలబడగలిగిన రోజున ఆమె గోడ పట్టుకుని నెమ్మదిగా ముందుకు వంగబోయింది. నా అరచేతులు ఆమె నడుముకు రెండు పక్కలా ఉన్నాయి. నొప్పిగా ఉందని వెంటనే ఆగింది. కాని ఆ కొంచెంలోనే వెన్నుకు అటూ ఇటూ ఉన్న కండలు మోకు బిగిసినట్టు బిగిశాయి. బిగిశాయి. మరి రావు గారి కాగితం మీద గీత సాపుగా ఎందుకు ఉంది? నాకు అక్కడే నెత్తికి దూలం తగిలినట్టయింది. ఇంటికి వచ్చి నా నడుము మీద నేనే చేతులు పెట్టుకున్నాను. కొంచెం వంగాను. గట్టిపడింది. ఇంకొంచెం వంగాను. ఇంకా గట్టిపడింది. పండు ఏరేటంత, నేలను తాకేటంత వంగాను. మెత్తబడింది. కండ వదిలేసింది. మీరు కూడా నిలబడి చూసుకోండి, నా మాట నమ్మొద్దు.

మళ్లీ మళ్లీ చేశాను. అత్త చూసి "దయ్యం పట్టిందా ఏంది" అంది. అత్త వీపు మీద కూడా చెయ్యి పెట్టాను. ఆమె ఎప్పుడూ వంగే ఉంటుంది గదా. చర్మం కింద కండ అనేది పలచటి గుడ్డలా తగిలింది. ఆమె విదిలించుకోలేదు. "అక్కడనే. అక్కడ ముప్పై ఏండ్ల సంది నొప్పి" అంది. అబ్బా అని ఎన్నడూ అనని మనిషి నొప్పి మాట ఎత్తడం అదే మొదటిసారి.

మరి కండ వదిలేస్తే నన్ను పట్టుకున్నది ఎవరు? సగానికి పైగా నేను గాలిలో వేలాడుతున్నాను గదా, తల, చేతులు, రొమ్ము. కింద పడలేదు గదా. సుమయ్యకు ఫోన్ చేశాను.

"దూలయ్య అన్న గెడ ఒక చివర పట్టుకుని అడ్డంగ లేపి చూడక్కా" అంది. "కొసకు కొడవలి కిలో కూడ ఉండదు. అయినా చేతులు వణుకుతయ్. బరువు దూరం, పట్టు దగ్గర. నువ్వు వంగినప్పుడు పైనున్న నువ్వంతా ఆ కొడవలే. దాన్ని లాగే కండ ఎముకకు రెండు మూడు వేళ్ల దూరంల ఉన్నది. పండు ఎంత బరువన్నది కాదు లెక్క. ప్రతిసారి నిన్ను నువ్వు ఎత్తుకుంటున్నవ్."

"మరి పూర్తిగ వంగినప్పుడు కండ ఎందుకు వదిలేసింది?"

"అప్పుడు బరువు కండ మీద ఉండదు. ఎముకలను ఒకదానికొకటి కట్టి ఉంచే పట్టీలుంటయ్, మధ్యల డిస్కులుంటయ్. వాటి మీద వేలాడుతది. గంటలు గంటలు అట్లనే ఉంటే పట్టీలు సాగుతయ్. సాగినయ్ జల్దీ వెనక్కి రావు. అప్పుడు దబ్బున లేస్తే..." ఆగింది.

"జంపక్క దబ్బుననే లేచింది."

"మధ్య మధ్యల లేస్తే సాగకుండ ఉంటయక్కా. మీరు అసలే లేవరు గదా, నాకు అదే అర్థం కాలె. మా సారుకు కూడ చెప్పిన, వీళ్లు లేవకుండ ఎట్ల చేస్తున్నరని."

"వాటికి మీరు తీగ తగిలిచ్చిండ్రా? ఆ పట్టీలకు, డిస్కులకు?"

"లేదక్కా. వాటిల కరెంటు పుట్టదు. మా మెషీన్‌కు అవి తెల్వయ్."

"చప్పుడు రాకపోతే రెస్టని రాస్తరా?"

"మేం గట్ల రాయలె. మూడో పేజీల రాసినం, గీత సాపుగ ఉంటే విశ్రాంతి అనుకోవద్దని. ఆయన మొదటి పేజీ చూపించినట్టుంది."

"మూడు పేజీలు మాకెందుకియ్యలె?"

"రిపోర్టు తోట ఓనరుకు ఇస్తమక్కా. పద్ధతి."

"నడుము నాది. కాగితం ఆయనదా?"

మంచి పిల్లే కావచ్చు. మూడు పేజీలూ ఫోటో తీసి నా ఫోనుకు పంపింది, ఆమె సారుకు తెలిస్తే ఉద్యోగం పోతుందని కూడా చెప్పింది. అయినా నేను ఆమెను ఆ ముగ్గురిలోంచి తీసెయ్యను. సాయంత్రం ఆరు తర్వాత గడిలో విశ్రాంతి అని రాసింది ఆ చెయ్యే. ఆమె ఇంట్లో కూడా రొట్టె తనంతట తానే కాలదు గదా.

కాని ఫోన్ పెట్టాక నాకు అర్థమైంది వేరే. మూడో పేజీ పట్టుకుని రావు గారి దగ్గరికి పోతే ఆయన ఒక్క మాట అంటారు. "రోజూ ఇలాగే చేస్తామన్నావుగా." ఆ అబద్ధం అక్కడ ఉన్నంతకాలం పద్నాలుగు కదలదు. దాన్ని తియ్యాల్సింది నేనే, అందరి ముందూ.

దూలయ్యకు చెప్పాను. కొడవలికి పదును పెడుతున్నవాడు ఆగాడు. "నీ నోరు నువ్వే కొట్టుకుంటవా? అబద్ధాలకోరని ముద్ర పడితే ఈ చుట్టుపక్కల ఏ తోటోడు పిలవడు. నన్ను కూడ తీసేస్తడు. ఇప్పుడిప్పుడే అరగంట విడుపు ఇచ్చిండు."

"ఆ అరగంట ఎక్కడి నుంచి వచ్చిందనుకుంటున్నవ్?"

"మెషీన్ల నుంచి."

"నా నడుముల నుంచి. మీరు పండుకునే అరగంట మేం వంగుతున్నం. చెట్టు పెరిగిందని ప్రతి రెండేండ్లకు నీ గెడ పొడుగు పెంచుతున్నరు. నేల కిందికి దిగలేదని మాకేమియ్యలె."

"నేలకు గెడెందుకే" అని నవ్వాడు. ఆ నవ్వుకు పదహారేళ్లు. ఇప్పటిదాకా ఆ నవ్వు తర్వాత నేను పొయ్యి దగ్గరికి పోయేదాన్ని. ఆ రోజు పోలేదు. నిలబడే ఉన్నాను. అతనికి ఆకలైంది, నా వైపు చూశాడు, మళ్లీ చూశాడు. తర్వాత లేచి తానే గిన్నె మూత తీశాడు, ఖాళీగా ఉంది.

జంపక్క గుడిసె ముందు ఆమె మంచం చుట్టూ పది మందిమీ కూర్చున్నాం. చెప్పాను. ఆ రోజు లేవొద్దన్నది నేను, రోజూ ఇంతేనన్నది నేను అని. సుజాత లేచి నిలబడింది. నాకన్నా చిన్నది, ఇద్దరు పసిపిల్లల తల్లి.

"మాకు తెల్వదా అది? ఆ దినం మేం లేమా? నువ్వు అన్నమాట అందరం ఇన్నం. నువ్వు ఎప్పుడు చెప్తవా అని చూస్తున్నం. రెండు నెలలు పట్టింది నీకు."

"అవ్" అన్నాను.

జంపక్క మంచం మీద నుంచి తల తిప్పింది. "తిట్టుకునుడు అయినంక ఏం చేద్దమో చెప్పుండ్రి. నేను ఎక్కువసేపు ఒక పక్కకే పండుకోలేను."

నిన్న శుక్రవారం షెడ్డులో రావు గారి ముందు నిలబడి చెప్పాను. "సారూ, నేను అబద్ధం చెప్పిన. మీ భయానికి చెప్పిన. మేం రోజుకు తొమ్మిది గంపలే ఏరుతం, రెండు చెట్లకొకసారి లేస్తం." మూడో పేజీ చదివి వినిపించాను, తడబడుతూ, ఒక్కొక్క అక్షరం. రావు గారు చివరిదాకా విన్నారు. అది కూడా నాకు అనుమానమే.

"నువ్వే ఒప్పుకున్నావు అబద్ధాలాడతావని. ఇప్పుడు చెప్పేది నిజమని నేనెలా నమ్మాలి?"

మంచి ప్రశ్నే. నమ్మొద్దు. నన్ను నమ్మమని అడగడం లేదు. నేనూ మిమ్మల్ని నమ్మడం లేదు, ఆ రకంగా మనం సమానమే. అందుకే ఇది రాసి షెడ్డు తలుపుకు అంటిస్తున్నాం, పదకొండు మంది వేలిముద్రలు, సంతకాలతో. అన్నిటికన్నా కింద ఉన్నది జంపక్కది, మంచం మీద పడుకునే వేసింది.

సోమవారం కోత ఉంది. మగవాళ్లు గెలలు దింపుతారు, పండ్లు రాలతాయి. పద్నాలుగు గంపల లెక్క తీసేసేదాకా ఆ పండ్లలో ఒక్కటి కూడా ముట్టం. అవి ఎన్ని గంటల్లో పులుస్తాయో మీకు తెలుసు. జంపక్క కాలికి అయ్యే వైద్యమంతా తోట మీద ఉండాలి, అది పనిలో తగిలిన దెబ్బ అని మీ చేతితో రాసివ్వాలి. నిలబడి ఏరడానికి పొడుగు పిడి బుట్టలు కావాలి, ఇరవై అడుగుల గెడ చేయించిన వాళ్లకు నాలుగడుగుల పిడి చేయించడం తెలియనిది కాదు. ఖమ్మం వాళ్లు మళ్లీ రావాలి. ఈసారి పట్టీ తెల్లవారుజామున నాలుగింటికి మా పొయ్యి దగ్గర కట్టాలి, మేం పడుకున్నాకే విప్పాలి, మూడు పేజీలూ ముందు మాకు చదివి వినిపించాలి. దూలయ్యా, ఆ రోజు బిందెలు నువ్వు పట్టు, నీ నడుముకు కూడా పట్టీ ఉంటుంది.

ఇవన్నీ ఆలోచించుకోవడానికి మీకు వ్యవధి కావాలంటారు, తెలుసు. ఒకటి మాత్రం వ్యవధి లేకుండా చెయ్యొచ్చు. వెంకటరామారావు గారూ, సోమవారం పొద్దున ఏడింటికి తోటకు రండి. గంప మేమే ఇస్తాం. ముప్పై చెట్లు, ఒక్క వరుస. వంగి ఏరండి, లేవకుండా.